ఘాట్ రోడ్డు, పెరుగు గిన్నె, నేను

నేను ఒక గ్రాఫిక్స్ కార్డును. కార్డు అనగానే రేషను కార్డులాగా జేబులో పెట్టుకు తిరిగేదాన్నని అనుకునేరు. నా కాపురం ఒక లాప్‌టాప్ కడుపులో, కీబోర్డు కింద కుడిపక్కన. ఆటల్లో మీరు చూసే కొండలూ, వానలూ, నీళ్ళలో కదిలే నీడలూ గీసేది నేనే. గీయడమంటే బళ్ళో పిల్లలు గీసినట్టు కాదు. మీరు కన్ను మూసి తెరిచేలోగా బొమ్మ మీద బొమ్మ గీసి పారేస్తాను. అంతటిదాన్నై ఉండి, చివరికి నాకు మంచి పేరు ఎలా వచ్చిందో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, నేనేమీ అనుకోను.

నేను పుట్టింది సముద్రాలకు అవతల ఒక ఫ్యాక్టరీలో. అక్కడ మనుషులు తలనుంచి కాళ్ళదాకా తెల్లబట్టలు చుట్టుకుని తిరుగుతారు. మా మీద ఒక్క నలుసు పడితే ఏడుపు మొహం పెడతారు. పుట్టీ పుట్టగానే నాకు పరీక్ష పెట్టారు. అడవి గీయమన్నారు. ఆకు ఆకూ గీశాను, గాలి వీచినట్టు కొమ్మలన్నీ ఊపాను, కొమ్మల సందుల్లోంచి ఎండ కూడా పోశాను. పచ్చదీపం వెలిగింది. అబ్బో, ఆ రోజు నా టెక్కు చూడాల్సింది! ఇక లోకంలోని అడవులన్నీ నా కోసమే కాచుక్కూర్చున్నాయనుకున్నాను.

తీరా లాప్‌టాప్‌లో అడుగు పెట్టేసరికి అక్కడ నాకంటే ముందే ఒకావిడ ఉంది. ప్రాసెసరు ఇంట్లోనే ఓ మూల గదిలో సర్దుకుని ఉండే చిన్న గ్రాఫిక్స్. ఆవిడ కరెంటు ఎక్కువ తాగదు, వేడెక్కదు, చప్పుడు చేయదు. ఉత్తరాలు చూపించడం, వంటల వీడియోలు ఆడించడం, ఇలాంటి ఇంటి చాకిరీ అంతా ఆవిడదే. నేనేమో పండగ పూట మాత్రమే వంటింట్లోకొచ్చి గారెలు వండి పేరు కొట్టేసే తోటికోడలిని. ఏ పని ఎవరికి అప్పజెప్పాలో చెప్పే పెత్తనం సిస్టమ్‌ది. యజమాని ఫలానా వాళ్ళకివ్వు అంటే వాళ్ళకిస్తుంది. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి. నా తిప్పలన్నీ ఇక్కడినుంచే మొదలయ్యాయి.

విశాఖపట్నంలో ఒక షాపులో నన్ను అమ్మకానికి పెట్టారు. "ఇందులో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉందండీ" అని అక్కడి కుర్రాడు వచ్చిన వాళ్ళందరికీ పెళ్ళికొడుకు ఉద్యోగం గురించి చెప్పినట్టు చెప్పేవాడు. వచ్చినవాళ్ళు తల ఊపి, లాప్‌టాప్ రంగు బాగుందనేవారు. చివరికి కుసుమ అనే అమ్మాయి కొనుక్కుంది. ఇళ్ళకు లోపలి అలంకరణ చేసే చదువు ఆమెది. ఆ రోజులు నాకు నిజంగా బంగారం. ఆమె గోడ ఇలా అంటే గోడ గీసేదాన్ని, కిటికీ అంటే కిటికీ, ఆ కిటికీలోంచి సాయంత్రపు వెలుగు ఎలా పడుతుందంటే అలా పడేట్టు చూపించేదాన్ని. ఎన్ని ఇళ్ళు కట్టామో! ఒక్కదానికీ సిమెంటు అక్కరలేకపోయింది. తర్వాత కుసుమకు ఉద్యోగం వచ్చింది, ఆఫీసువాళ్ళు వేరే లాప్‌టాప్ ఇచ్చారు. నేను సంచిలో పడి, బస్సెక్కి, ఘాట్ రోడ్డు మీదుగా పాడేరు చేరాను. వాళ్ళ నాన్న ఉండేది అక్కడే.

ఆయన పేరు తవిటినాయుడు. ఆర్టీసీలో డ్రైవరుగా పని చేసి రిటైరయ్యాడు. సర్వీసంతా ఆ ఘాట్ రోడ్డు మీదే. ఆయన బస్సెక్కితే ఒళ్ళో పెట్టుకున్న చెంబులో నీళ్ళు తొణకవని ఊళ్ళో చెప్పుకునేవారు. ఇంకో ఘనత కూడా ఉంది. డిపోలో అందరికంటే తక్కువ డీజిల్‌తో బండి నడిపినందుకు ఏడాదికో మెచ్చుకోలు పత్రం తెచ్చుకునేవాడు. హాల్లో దేవుడి పటాలు ఒక వరస, ఈ పత్రాలు రెండు వరసలు. భోజనం దగ్గర కూడా ఆయన పొదుపు కథలే. పల్లంలో గేరు ఎప్పుడు మార్చాలో, యాక్సిలేటరు మీద కాలు ఎంత తేలిగ్గా ఆనించాలో వినీ వినీ ఆయన భార్య నూకరత్నానికి బస్సు తోలడం నోటికి వచ్చేసింది. ఆవిడ మాత్రం స్టీరింగు ఎప్పుడూ ముట్టుకోలేదు.

రిటైరయ్యాక ఆయన ఒక పాత తెల్ల వ్యాను కొనుక్కున్నాడు. ముందు సీట్లో నూకరత్నాన్ని కూర్చోబెట్టుకుని శుక్రవారం సంతకీ, కింద వడ్డాదిలో ఉన్న బావమరిది ఇంటికీ తిప్పేవాడు. అంతలో కళ్ళకు శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ అయింది, చూపు శుభ్రంగా వచ్చింది, బండి తోలుకోవచ్చని డాక్టరు కూడా చెప్పాడు. కానీ మొదటిసారి వ్యాను బయటికి తీసిన రోజున ఒక మేకపిల్ల అడ్డం వచ్చింది. మేకకేమీ కాలేదు. ఆయనకే భయం పట్టుకుంది. వ్యానుని అక్కడే పక్కకి పెట్టేసి, తాళాలు జేబులో వేసుకుని, నడిచి ఇంటికొచ్చేశాడు. ఆ తర్వాత ఎవరో తాళాలు అడిగి తీసుకుని, తెచ్చి షెడ్డులో పెట్టారు. మళ్ళీ దాని జోలికి పోలేదు.

అందుకే కుసుమ నన్ను తెచ్చింది. లాప్‌టాప్‌లో బస్సు తోలే ఆట ఒకటి పెట్టింది. ఏ దేశం కొండలో ఏమోగానీ అందులోనూ మన ఘాట్ లాంటి రోడ్డు ఉంది, మలుపు తర్వాత మలుపు. "దీంట్లో ఎన్నిసార్లు గుద్దినా ఎవరికీ దెబ్బ తగలదు నాన్నా. భయం పోయేదాకా తోలు. ఆ తర్వాత వ్యాను తీద్దువు" అంది.

కొత్త బండి ఇంటికొస్తే ఊరుకుంటారా? నూకరత్నం మా మూతకు పసుపు రాసింది, కుంకుమ పెట్టింది. నా పేరున్న రంగుల స్టిక్కరు పక్కనే ఒక బొట్టు పెట్టింది. ఆయనేమో ముందు మూలన నిమ్మకాయ పెట్టి, లాప్‌టాప్‌ని దానిమీదుగా ముందుకు జరిపాడు. కాయ పిప్పి కాలేదుగానీ కొంచెం రసం వచ్చింది. నేను పరవశించిపోయాను. ఇన్ని మర్యాదలు జరిగాక ఇక కొండలన్నీ నావే అనుకున్నాను.

ఆట మొదలుపెట్టే ముందు కుసుమ సెట్టింగుల్లోకి వెళ్ళి అడిగింది. "నాన్నా, ఈ ఆట ఎలా నడవాలో ఇక్కడ ఒకటి ఎంచుకోవాలి. పొదుపుగానా, పూర్తి బలంతోనా?"

"అడగాలేటి? పొదుపే."

"ఆటలకి పూర్తి బలమే మంచిది నాన్నా..."

"ఒలే గుంటా, గోడమీద సూడు" అన్నాడు ఆయన పత్రాల వైపు వేలు చూపిస్తూ. "బలం పెట్టి ఎవడైనా తోలతాడు. పొదుపుగా తోలడమే పనితనం. నాకు నువ్వు సెప్తావేటి?"

కుసుమ నవ్వి, ఆయన మాట కాదనలేక పొదుపు నొక్కేసింది. అయ్యయ్యో! ఆ ఒక్క నొక్కుతో ఘాట్ రోడ్డు మొత్తం మా తోటికోడలి నెత్తిన పడింది. నన్ను నిద్రపొమ్మన్నారు. కుసుమ ఆ సాయంత్రమే బస్సెక్కి విశాఖపట్నం వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నేను పడిన బాధ పగవాళ్ళకు కూడా వద్దు. నిద్రపొమ్మన్నారుగానీ నాకు నిద్ర ఎక్కడిది? ఆయన రోజూ సాయంత్రం టీ తాగి, చెప్పులు విప్పి, దణ్ణం పెట్టి ఆటకు కూర్చునేవాడు. బొమ్మ ప్రయాణికుల్ని "జరగండి, లోపలికి జరగండి" అని అదిలించేవాడు. మలుపు వచ్చేసరికి సరిగ్గా ఎక్కడ తిప్పాలో అక్కడే మీట నొక్కేవాడు. ఆ నొక్కు మాకు అందుతుంది కదా, నాకు తెలుసు. తేడా లేదు, తడబాటు లేదు. చెయ్యి అంటే అది! కానీ మా తోటికోడలు పాపం ఆ కొండ గీసి, ఆ చెట్లు గీసి, రోడ్డు దగ్గరికి వచ్చేసరికి ఆయాసంతో ఆగిపోయేది. తెరమీద బస్సు ఇంకా పాతచోటే ఉండేది. తిరగలేదేమోనని ఆయన ఇంకాస్త నొక్కేవాడు. అంతలో బొమ్మ ఒక్క గెంతు గెంతేది, బస్సు పోయి రెయిలింగును గుద్దేది.

"మళ్ళీ గుద్దీసేరేటి?" అని వంటింట్లోంచి నూకరత్నం కేకేసేది. మొదట్లో ఆయన నవ్వేవాడు. తర్వాత్తర్వాత నవ్వడం మానేశాడు.

అసలు సంగతి ఏమిటంటే, ఆ గెంతు తెరది అని ఆయన అనుకోలేదు. తన కళ్ళదే అనుకున్నాడు. ఆపరేషన్ అయిన కళ్ళు కదా, చూపు మధ్యలో తెగిపోయి గెంతుతోందని భయపడ్డాడు. ఆ భయం ఎవరికీ చెప్పలేదు. కుసుమ ఫోను చేసి "ఆట బాగా వస్తోందా నాన్నా?" అని అడిగితే "ఆటకేటి, బ్రహ్మాండంగా ఉన్నాది" అనేవాడు. ఫోను పెట్టేసి, ఒక కన్ను మూసి గోడమీద పత్రం చదివేవాడు. తర్వాత రెండో కన్ను మూసి చదివేవాడు. అక్షరం అక్షరం కనిపించేది. అయినా నమ్మకం కుదిరేది కాదు. అయ్యా, తప్పు నీ కళ్ళది కాదు, నీ చేతిది అసలే కాదు, నన్ను లేపరా నాయనా అని లోపల గోల పెట్టేదాన్ని. ఎవరికి వినపడుతుంది?

ఒకరోజు ఆట మధ్యలోనే ఆపేసి బావమరిదికి ఫోను చేశాడు. ఆ బావమరిది పేరు సన్నిబాబు. "ఒరే సన్నీ, శుక్రవారం వచ్చి వ్యాను తోలుకుపోరా. ఏటీ ఇవ్వక్కర్లేదు. షెడ్డులో ఉండి పాడైపోతన్నాది... నేనా? నేనింక తోలను."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. నూకరత్నం గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఒక్కమాట అడగక్కర్లేదేటి నన్ను? ఆ ముందు సీటు నాది" అంది. ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని లోపలికి పోయింది. నాకూ దుఃఖం వచ్చింది. నాకు కన్నీళ్ళు ఉండవు కాబట్టి లాప్‌టాప్ బతికిపోయింది.

ఇప్పుడు పెరుగు సంగతి చెప్పాలి. పాడేరులో చలికాలం వస్తే మనుషులే ముడుచుకుపోతారు, పెరుగేం తోడుకుంటుంది? నూకరత్నం దానికి ఒక ఉపాయం కనిపెట్టింది. ఆయన ఆట ఆడేటప్పుడు లాప్‌టాప్ ఎడమపక్క కన్నాల్లోంచి వెచ్చటి గాలి వస్తుంది. తోడేసిన పాల గిన్నె మూతపెట్టి అక్కడ ఉంచేది. ఆట అయ్యాక ఒక పాత శాలువా కప్పేది. తెల్లారేసరికి గిన్నె బోర్లించినా జారని పెరుగు! అదంతా మా తోటికోడలి ఆయాసం పుణ్యమేనని ఆవిడకు తెలియదు.

గురువారం సాయంత్రం ఆయన వ్యాను కాగితాలూ తాళాలూ తెచ్చి లాప్‌టాప్ ఎడమపక్కన పెట్టాడు. మర్నాడు సన్నిబాబుకు ఇచ్చేయాలి కదా. చివరిసారిగా ఆట ఆడాడు, చివరిసారిగా రెయిలింగును గుద్దాడు. నూకరత్నానికి ఆ తాళాలు ముట్టుకోవడానికి మనసొప్పలేదు. గిన్నె తెచ్చి కుడిపక్కన పెట్టేసింది. అంటే నా పక్కన.

శుక్రవారం పొద్దున్న మొదటి బస్సుకే కుసుమ దిగింది. వ్యాను ఇచ్చేస్తున్నారని తల్లి ఫోనులో చెప్పి ఏడ్చిందట. ఆమె సంచి కింద పెట్టేలోగానే సన్నిబాబు కూడా వచ్చాడు. అందరూ కాఫీ గ్లాసులు పట్టుకుని ఎవరి ముఖం వాళ్ళు దాచుకుంటూ కూర్చున్నారు. అంతలో లాప్‌టాప్ పక్కన గిన్నె మూత తీసిన నూకరత్నం కేకేసింది.

"ఓలమ్మో! పాలు పాల్లాగే ఉన్నాయి! ఒక్క బొట్టు తోడుకోలేదు! ఏటండీ, మీ బండి ఈ పక్క సచ్చిపోనాది!"

"ఇప్పుడు పెరుగు గొడవేటే?" అని విసుక్కున్నాడు ఆయన.

"గొడవ కాదేటి? మా తమ్ముడొస్తే మజ్జిగైనా ఇవ్వొద్దా? ఎడంపక్క పెడితే గడ్డకట్టేస్తాది, కుడిపక్క మంచుగడ్డలాగున్నాది. నిన్న సాయంత్రం ఆడేరు కదా, ఇటుపక్క వేడి ఏటైపోనాది?"

కుసుమ ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి లేచి వచ్చింది. ఆట పెట్టింది, కొండ ఎక్కుతున్న బస్సును అలా పోనిచ్చి, కుడిపక్క నా మీద అరచెయ్యి ఆనించింది. ఎన్నాళ్ళకు తగిలిన చెయ్యో! నేను చల్లగా ఉన్నాను. ఆమె తెర వంక చూసింది. బస్సు ఆగింది, గెంతింది, ఆగింది, గెంతింది.

"నాన్నా, ఇదేంటి, రోజూ ఇలాగే గెంతుతోందా?"

తవిటినాయుడు చేతిలో గ్లాసు కింద పెట్టాడు. "నీకూ గెంతుతున్నాదా?" అన్నాడు.

"నాకేంటి, ఎవరు చూసినా గెంతుతుంది!"

"నీ కళ్ళకి కూడా?" అని తెర దగ్గరికి వంగాడు. "సన్నీ, ఇటు రారా, నువ్వు సూడు. గెంతుతున్నాదా?"

"గెంతడమేటి బావా, కుంటి మేకలాగ పోతన్నాది" అన్నాడు సన్నిబాబు.

ఆయన కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. ఇన్నాళ్ళూ ఒక్కడే మోసిన భయం దించుకున్నవాడి ముఖం ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను. కుసుమ అప్పటికే ఎవరెంత పని చేస్తున్నారో చూపించే లోపలి లెక్క తెరిచింది. మా ఇద్దరి పేర్లూ కనిపించాయి. తోటికోడలి పని నూటికి నూరు. నా పని సున్నా. జన్మలో మొదటిసారి నా సున్నాను చూసి సంతోషించాను.

"పొదుపు!" అని కుసుమ నెత్తి కొట్టుకుంది. "నాన్నా, పెద్ద ఇంజిను షెడ్డులో పడుకోబెట్టి, చిన్న ఇంజినుతో ఘాట్ ఎక్కిస్తున్నావు ఇన్నాళ్ళూ! అదైనా ఇన్ని మలుపులు ఎక్కిందంటే నీ చెయ్యే. నేనైతే మొదటి మలుపులోనే లోయలో ఉందును."

ఆయన గోడమీద పత్రాల వంక చూసి, సిగ్గుపడి, మీసం సవరించుకున్నాడు. "పొదుపు కూడా ఎక్కడ సెయ్యాలో అక్కడే సెయ్యాలి కాబోలు. నొక్కీ తల్లీ, ఆ బలమే నొక్కీ."

కుసుమ ఆటను మూసేసి, సెట్టింగుల్లో ఈ ఆటకు పూర్తి బలం అని మార్చి, మళ్ళీ తెరిచింది. లేచాను! నా ఫ్యాను హోరుకి నూకరత్నం గుండె పట్టుకుని "ఓరి నాయనో, ఎగిరిపోతాదేటిది!" అంది. అడవి గీసినట్టు గీశాను ఆ ఘాట్‌ని. కొండ, మంచు, రోడ్డు మీద తడి, ఏదీ వదల్లేదు. ఇంకో మాట, నేనెంత గీసినా దాన్ని తెరదాకా చేర్చేది మా తోటికోడలే. ఆ సంగతి నేనెప్పుడూ ఒప్పుకోలేదుగానీ ఆ రోజు ఒప్పుకున్నాను. ఆవిడ ఒక్క బొమ్మ కూడా కింద పడేయకుండా అందించింది.

ఆయన మీటల మీద వేళ్ళు ఆనించాడు. మొదటి మలుపు తిరిగింది. రెండోది తిరిగింది. తర్వాత ఎవరూ లెక్కపెట్టలేదు. కొండమీద స్టాపులో బస్సు ఆపితే ఒక్క బొమ్మ ప్రయాణికుడు కూడా ముందుకు తూలలేదు. ఆయన కళ్ళు నిండిపోయాయి.

"కళ్ళు తడుపుకోకండి, డాక్టరుగోరు వద్దన్నారు" అంది నూకరత్నం, తన కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన లేచాడు. ఎడమపక్కనున్న తాళాలు తీసుకున్నాడు. సన్నిబాబు చెయ్యి చాపాడు, ఇస్తాడనుకుని పాపం. ఆయన ఆ చెయ్యి పట్టుకుని లేవదీశాడు. "పదరా, నిన్ను వడ్డాదిలో దింపీసి వస్తాను."

"బావా, నేను వ్యాను కోసం కదా వచ్చేను!"

"మరి వ్యానులోనే కదరా దింపుతన్నాను."

నూకరత్నం ఒక్క గంతులో చెప్పులేసుకుంది. తోడుకోని ఆ పాల గిన్నె కూడా చేతిలోకి తీసుకుంది, తమ్ముడి ఇంట్లో వెచ్చగా ఉంటుందట, అక్కడైనా తోడుకుంటుందట. షెడ్డులో వ్యాను దగ్గింది, తుమ్మింది, కదిలింది. చప్పుడు వీధి చివరిదాకా వినిపించి ఆగిపోయింది. కుసుమ వెంట వెళ్ళలేదు. నా పక్కనే కూర్చుని గోళ్ళు కొరుక్కుంది. నేను గీసింది బొమ్మ రోడ్డు. వాళ్ళు వెళ్ళింది నిజం రోడ్డు. అక్కడ గుద్దితే మళ్ళీ మొదలుపెట్టే మీట ఉండదు. నా ఫ్యాను ఆగలేదు.

పొద్దు వాలుతుండగా వ్యాను చప్పుడు తిరిగొచ్చింది. ముందుగా నూకరత్నమే లోపలికొచ్చింది. కూతురి ముందు నిలబడి చీర కుచ్చిళ్ళు రెండు చేతులతో పరిచి చూపించింది. మూత లేని, అంచులదాకా ఉన్న పాల గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఘాటంతా దిగింది. చీరమీద ఒక్క చుక్క లేదు.

ఇది జరిగి చాన్నాళ్ళయింది. మరి ఇప్పుడు రోజూ సాయంత్రం కొండలు గీస్తున్నావా అని మీరడుగుతారు. ఆయన ఆట మానేశాడండీ! నిజం ఘాట్ చేతికొచ్చాక నా ఘాట్ ఎవరిక్కావాలి? మనుషుల తీరే అంత. బాగు చేసినవాళ్ళను మొదట మర్చిపోతారు. నాకు కోపం లేదు. ఆయన వ్యాను తీసుకుని టీ బడ్డీకి వెళ్ళే చప్పుడు వినడం కోసమైతే ఎన్నాళ్ళైనా నిద్రపోతాను.

కానీ నన్ను నిద్రపోనివ్వని మనిషి ఒకరున్నారు. పెరుగు ఎలా తోడుకోవాలి మరి? ఆయన అటు వెళ్ళగానే నూకరత్నం గిన్నె తెచ్చి ఇప్పుడు కుడిపక్కనే పెడుతుంది. "పెద్దింజిను వేడికి తొందరగా గడ్డకడతాది" అంటుంది. కుసుమ చూపించినట్టు ఆట తెరిచి, బస్సును కొండమీద స్టాపులో అలా నిలబెట్టి ఉంచుతుంది. చూసేవాళ్ళు లేకపోయినా ఆ గిన్నె ముందు కొండలూ మంచూ ఆకు ఆకూ గీస్తుంటాను. లోకంలోని అడవులన్నీ నావే అనుకున్నదాన్ని, పెరుగు తోడుపెడుతున్నాను.

మొన్నొక సాయంత్రం గిన్నె సర్దుతూ ఆవిడ చెయ్యి మీటకు తగిలింది. బస్సు కదిలింది. "ఓలమ్మో!" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. గుమ్మం వైపు చూసింది, కిటికీ వైపు చూసింది. ఎవరూ లేరు. కొంగు నడుముకు దోపుకుని, కుర్చీ లాక్కుని, చెప్పులు విప్పి కూర్చుంది. దణ్ణం పెట్టింది. పల్లంలో గేరు ఎప్పుడు మార్చాలో తనలో తను చెప్పుకుంటూ మొదటి మలుపు తిప్పింది, గుద్దలేదు. రెండోది గుద్దింది. పకపకా నవ్వి మళ్ళీ మొదలుపెట్టింది.

వీధిలో వ్యాను చప్పుడు వినిపించగానే తెర మూసేసి, గిన్నె మీద శాలువా కప్పి, నా స్టిక్కరు పక్కనున్న బొట్టును వేలితో తట్టింది. "ఆయనకి సెప్పకు" అంది.

నేను చెప్పలేదు. మీకే చెప్పాను. మీరు పాడేరు వెళ్తే మాత్రం నోరు జారకండి. ఆవిడ ఇంకా రెండో మలుపు దగ్గరే ఉంది.